పసుపుకుంకుమల భూమి, పరదేశం చదువు

మా అమ్మ పేరు మీద ఎకరం ముప్ఫై గుంటల చెల్క ఉండేది. కల్వకుర్తి వైపు ఎర్రనేల. ఆమె పెళ్లప్పుడు మా తాత పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి. మా ప్రాంతంలో పసుపుకుంకుమల భూమి చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. అన్నదమ్ములు మంచివాళ్లయితే ఆడబిడ్డ చేతికొస్తుంది, కాకపోతే పండుగకు పెట్టే చీరతో సరిపోతుంది. మా అమ్మది ఎట్లాగో పాసుపుస్తకంలోకి ఎక్కింది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి నాలుగు వేల చొప్పున ఏడు వేల రూపాయల చెక్కు ఆమె పేరుతో వచ్చింది. తన పేరు అచ్చులో ఉన్న చెక్కును అమ్మ చూడడం అదే మొదలు. బ్యాంకులో వెయ్యడానికి ముందు రెండు రోజులు బియ్యం డబ్బా మీద పెట్టుకుంది.

2021లో ఆ భూమి అమ్మేశాం. తమ్ముడు ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాలి. అప్పటికి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు ధరణి కింద తహసీల్దార్ ఆఫీసుకు మారాయి. అక్కడ అమ్మ ఫోటో దిగింది, వేలిముద్ర వేసింది, సంతకం కూడా చేసింది. సాక్షి సంతకం చేసింది నేను. స్త్రీల ఆస్తిహక్కుకూ కథాసాహిత్యానికీ ఉన్న సంబంధం గురించి నా సిద్ధాంత గ్రంథంలో ఒక పూర్తి అధ్యాయం ఉంది. 1985 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టం ఆంధ్రప్రదేశ్ సవరణ గురించీ, 2005 కేంద్ర సవరణ గురించీ అందులో చాలా ధీమాగా రాశాను. ఆ రోజు ఆ ధీమా ఏమీ నాతో ఆఫీసుకు రాలేదు.

ఇంటి సంగతి చెప్పుకోవడానికి కాదు ఈ వ్యాసం. ఆ తర్వాత రెండేళ్లు నేను చదివిన కథల్లో, చూసిన సినిమాల్లో మా అమ్మలాంటి తల్లి కోసం వెతికాను. పిల్లల్ని పరదేశం చదువుకు పంపిన తల్లిదండ్రులు తెలుగులో కొదవేం కాదు. కానీ వాళ్లలో ఈమె కనబడలేదు. ఎందుకు కనబడలేదన్నదే నా ప్రశ్న.

మనకు అలవాటైన బొమ్మ ఏమిటి? పెద్ద ఇల్లు, ఇద్దరు ముసలివాళ్లు, గోడమీద పిల్లల ఫోటోలు, మోగని ఫోను. ఈ బొమ్మకు అందమైన రూపం శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ళ భరణి 2012లో తీసిన 'మిథునం'. పిల్లలు విదేశాల్లో ఉంటారు, తెరమీద అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఇద్దరే. పిల్లలు లేని లోటును పెరడూ దూడా వంటలూ పూరిస్తాయి. ఆ సినిమా నాకూ ఇష్టమే. అయితే అప్పదాసు నాలుకకు నచ్చినవన్నీ వండిపెట్టే బుచ్చిలక్ష్మి శ్రమ ఆ ఆనందానికి పునాది అన్న సంగతి మన స్త్రీవాద మిత్రులకు నేను చెప్పక్కరలేదు. నేను అడిగేది ఇంకొకటి. ఆ పిల్లలు విదేశాలకు ఏ డబ్బుతో వెళ్లారు? కథ ఆ ప్రశ్న దగ్గరకు రాదు. రావాల్సిన అవసరం దానికి లేదు కూడా. పెరడూ ఇల్లూ అట్లాగే ఉన్నాయంటేనే దేన్నీ అమ్మలేదని అర్థం. ఆ ఇంట్లో ఖర్చయింది వయసొక్కటే.

శేఖర్ కమ్ముల మొదటి సినిమా 'డాలర్ డ్రీమ్స్' (2000) వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేని కుర్రవాళ్ల కథ. తల్లిదండ్రులు అందులో నేపథ్యం. ఇక డయాస్పోరా కథ అక్కడికి చేరినవాళ్ల వైపు నుంచి సాగుతుంది. కల్పనా రెంటాల వంటి రచయిత్రులు అక్కడి స్త్రీ లోపలి లోకాన్ని చర్చలోకి తెచ్చారు, అది చిన్న పని కాదు. కానీ ఆ కథాలోకంలో ఇండియాలోని తల్లి మాత్రం ఎక్కువగా ఒక ఫోన్‌కాల్‌గానో, ఊరగాయ సీసాగానో, ఆరునెలల వీసా మీద వచ్చి మంచు చూసి బెదిరిపోయే ముసలమ్మగానో మిగులుతుంది. కొడుకు వైపు నుంచి చూస్తే ఆమె ఒక అపరాధ భావం, ఆమె వైపు నుంచి చూశామనుకున్నప్పుడు ఒక ఒంటరితనం. ఈ రెండే ఆమెకు కేటాయించిన గదులు.

పత్రికల జిల్లా పేజీల్లో మూడో గది ఒకటి ఉంది. అక్కడ ఆమె శవంతో పాటు వస్తుంది. కాల్పుల్లోనో, కారు ప్రమాదంలోనో, చెరువులో మునిగో పిల్లవాడు పోతే 'శోకసంద్రంలో కుటుంబం' అన్న శీర్షిక కింద కొంగు నోట్లో కుక్కుకున్న తల్లి ఫోటో వేస్తారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగి, మన పిల్లల కాళ్లకు నిఘా పరికరాలు తగిలించినప్పుడూ అంతే. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా ప్రభుత్వమే వల వేయడానికి సృష్టించిన బూటకపు సంస్థ అని తేలినప్పుడూ అంతే. పట్టుబడ్డవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువని రాశారు, వీసా నిబంధనలు వివరించారు, దౌత్యవేత్తల ప్రకటనలు వేశారు. తల్లి ఏడ్చిందని రాశారు. ఆ చదువుకు ఆమె ఏ సంఘంలో ఎంత తెచ్చిందో, ఏ నెల నుంచి ఎంత మిత్తి కడుతుందో ఎవరూ అడిగినట్టు నాకు కనబడలేదు.

మిత్తి అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల నుంచి (2016 తర్వాత అవి ముక్కలై ఎన్నో జిల్లాలయ్యాయి, మా మాటల్లో మాత్రం ఇంకా ఆ రెండే) అమెరికా వెళ్లే పిల్లల తరగతి మారింది. ఒకప్పుడు వెళ్లింది పట్నంలో ఇల్లున్న భూస్వాముల పిల్లలు, డాక్టర్ల పిల్లలు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కినవాళ్లలో చాలామందికి ఇంట్లో అదే మొదటి డిగ్రీ. ఆ పట్టాతో హైదరాబాద్‌లో దొరికే జీతం అమీర్‌పేట హాస్టలు అద్దెకు సరిపోనప్పుడు ఎం.ఎస్. అన్న మాట ఊరిదాకా వచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, తర్వాత మైనారిటీలకు, బీసీలకు అటువంటివే వచ్చాయి. తెలంగాణలో 20 లక్షల వరకు ఇచ్చే ఈ సాయం నిజంగా తలుపు తెరిచింది. కానీ ఆ డబ్బు విడతలుగా, పిల్లవాడు అక్కడ దిగిన కాగితం చూపాక ఒకటి, మొదటి సెమిస్టర్ ఫలితం చూపాక ఒకటి వస్తుంది. విమానం ఎక్కడానికి ముందు కావాల్సింది ఇంట్లోవాళ్లే తేవాలి. బ్యాంకు రుణమంటే ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి పూచీ అడుగుతారు. సాగుభూమిని పూచీగా ఒప్పుకునే బ్యాంకు దొరకడం కష్టం. అందుకే తాకట్టుకు పనికిరాని భూమి అమ్మకానికి పనికొస్తుంది. వీసా కోసం ఖాతాలో చూపాల్సిన డబ్బును కొన్నాళ్లకు మిత్తికి తెచ్చి చూపడం అందరికీ తెలిసిన సంగతే.

ఇందులో తల్లి పాత్ర ఏడవడం కాదు. పొదుపు సంఘంలో అప్పు ఆమె పేరు మీద వస్తుంది. స్త్రీనిధి ఆమె పేరు మీద, చిట్టి ఆమె పేరు మీద. కుదువబెట్టే పుస్తెలతాడు ఆమె మెడలోది. నూటికి రెండు రూపాయల మిత్తికి ఎవరిస్తారో, మూడు రూపాయలకు ఎవరిస్తారో ఆమెకు తెలుసు. కట్టడం ఒక నెల తప్పితే సంఘం మీటింగులో తలదించుకోవాల్సింది ఆమె. డ్వాక్రా నుంచి మొదలుపెట్టి మూడు దశాబ్దాలు ప్రభుత్వాలు ఆమెకు నేర్పిన ఆర్థిక శాస్త్రమంతా చివరికి ఒక కొడుకు సెమిస్టర్ ఫీజులో తేలింది. స్త్రీ సాధికారత మీద సెమినార్ పత్రాలు చదివే మనం ఈ లెక్క ఎక్కడ రాసుకున్నాం?

ఒంటరితనం రాయడానికి వీలైనది, అప్పు రాయడానికి వీలుకానిది ఎందుకయింది? ఒంటరితనంలో తల్లి స్వచ్ఛంగా ఉంటుంది. అప్పులోకి వస్తే లెక్క అడిగే మనిషవుతుంది. లెక్క అడిగే తల్లిని మన సాహిత్యం ఇంకా పూర్తిగా క్షమించలేదు.

ఘానా రచయిత్రి అమా అటా ఐడూ తన ఇరవైల ఆరంభంలో రాసిన నాటకం 'ద డైలమా ఆఫ్ ఎ ఘోస్ట్' (1965) చదివినప్పుడు నాకు కోపం లాంటిదొకటి వచ్చింది. అరవై ఏళ్ల కింద ఆఫ్రికాలో ఒక అమ్మాయి రాయగలిగింది మనం ఎందుకు రాయలేదని. ఆటో అనే కుర్రవాడు అమెరికాలో చదువుకుని, అక్కడి నల్లజాతి అమ్మాయిని పెళ్లాడి ఇల్లు చేరతాడు. అతని తల్లి ఎసీ కోమ్ మాటల్లో ప్రేమా ఉంది, నిష్ఠూరమూ ఉంది. కానీ అన్నిటికంటే ముందు అప్పు ఉంది. కొడుకు చదువుకు చేసిన అప్పులు ఇంకా తీరలేదని ఆమె ఇంటిల్లిపాది ముందు అంటుంది. నీళ్లకు పోయే ఇద్దరు ఆడవాళ్లు ఆ సంగతే దారిలో చెప్పుకుంటారు. అట్లా లెక్క అడిగినందుకు ఆమె చిన్నదైపోదు. చివరకు కొడుక్కి చేతకాని పని ఆమే చేస్తుంది, కోడల్ని పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోతుంది. చినువా అచెబె 'నో లాంగర్ ఎట్ ఈజ్' (1960)లో ఊరి సంఘం ఓబీకి చదువు కోసం ఇచ్చిన 800 పౌండ్ల అప్పు నవలంతా అతని మెడకు వేలాడుతూనే ఉంటుంది. అక్కడ అప్పిచ్చింది ఊరి సంఘం. ఎసీ కోమ్ నాటకంలో అది తల్లి నోట్లోకి వచ్చింది. ఆ తేడా రచయిత్రి వల్ల వచ్చిందని నేను అనుకుంటాను.

మా ప్రాంతానికి ఈ విషయం రాయడానికి కావాల్సిన భాష ముందే ఉంది. అది ఒంటరితనం భాష కాదు, వలస భాష. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోసింది పాలమూరు లేబర్. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయికి, పూణెకు బస్సులు నిండి పోయేవి. పసిపిల్లలు తల్లుల వెంట పోయేవారు, బడికి పోయే పిల్లలు అవ్వల దగ్గర మిగిలేవారు. దాన్ని మావాళ్లు వలస అనరు, వలస పత్రికల మాట. 'బతకబోవుడు' అంటారు. తమ్ముడు వెళ్లిన కొత్తలో మా పక్కింటి అవ్వ అమ్మను అడిగింది: "నీ కొడుకు బతకబోయిండంట గదనే?" అమ్మ చిన్నబోయి, "సదువుకోను పోయిండు అవ్వా" అని సర్దింది. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాలో ఒక నవలకు సరిపడా వస్తువు ఉంది. అవ్వ అన్నది తప్పేం కాదని అమ్మకు ఏడాదిలో తెలిసొచ్చింది.

బతకబోయే గుంపుకు మేస్త్రీ ఉంటాడు. గుంపు మేస్త్రీ ముందుగా ఇంటికి అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా మనుషులు అతని చేతిలో ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీకి అమ్మను తీసుకెళ్లినప్పుడు గోడల నిండా జెండాలు, నవ్వే పిల్లల ఫోటోలు ఉన్నాయి. బయటికొచ్చాక ఆమె అంది: "మేస్త్రి అడ్మాన్సు ఇచ్చి తోల్కపోయెటోడు. వీండ్లకు మనమే ఇచ్చి పంపాలె." వలస మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంత పొదుపైన వాక్యం తక్కువ. శ్రమను అమ్ముకోవడానికి ముందే దాని ధర తామే చెల్లించే కొత్త వలస ఇది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరిచారు. మహబూబ్‌నగర్ దారి దాని పక్కనుంచే పోతుంది. రెండు బతకబోవుళ్లూ ఒకే రోడ్డు మీద నడుస్తున్నా మన కథ వాటిని ఇంకా రెండు వేర్వేరు లోకాలుగానే చూస్తోంది. ఒకటి గోరటి వెంకన్న వంటివాళ్ల పాటల లోకం, ఇంకొకటి ఎన్నారై సంచికల లోకం.

రెండో ఏడు తమ్ముడి వీడియో కాల్‌లో అమ్మ ఒక సంగతి పట్టింది. అతని ముంజేతి మీద మచ్చ. అతను ఏదో చెప్పి తప్పించుకున్నాడు. ఫోను పెట్టేశాక అమ్మ నాతో అంది, "అది నూనె చిందిన మచ్చ. ఎవరింట్లనో వంట జేస్తున్నడు." విద్యార్థి వీసా మీద కాలేజీ బయట పని చెయ్యగూడదని, దొరికితే వీసా పోతుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఫోనులోనూ "తిన్నవా బిడ్డా" అని అడగడం మానేసి "పండుకున్నవా" అని అడగడం మొదలుపెట్టింది. మన కథకులు 'తిన్నవా' అన్న మాటను తల్లి ప్రేమకు గుర్తుగా అరగదీశారు. గంజి కేంద్రాలు తెరిచిన జిల్లాలో ఆ ప్రశ్నకు ఎంత బరువుందో వాళ్లకు పట్టలేదు. అది ఎప్పుడు మారుతుందో, ఎందుకు మారుతుందో అసలే పట్టలేదు. తన బతుకంతా చెయ్యి కాలిన మనిషి, కొడుకు చెయ్యి కాలకూడదనే భూమి అమ్మిన మనిషి, తెరమీద ఆ మచ్చను చదివింది. చదువు రానివాళ్లు అని మనం రాసే తల్లుల చదువు ఇది.

ఝుంపా లాహిరి 'ద నేమ్‌సేక్' (2003)లో నేను మర్చిపోలేనిది గోగోల్ కథ కాదు, ఒక ఉత్తరం. అమెరికాలో పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టమని అషిమ తన అమ్మమ్మను అడుగుతుంది. ఎనభై దాటిన ఆ ముసలామె పేర్లు రాసి, తానే పోస్టాఫీసుకు వెళ్లి వేస్తుంది. ఉత్తరం చేరదు. ఆమెకు జబ్బు చేస్తుంది, ఆ పేర్లేమిటో ఎప్పటికీ తెలియదు. నవల అంతా ఆ పోయిన ఉత్తరం వల్లనే నడుస్తుంది గానీ, ఉత్తరం రాసినామె దగ్గరకు వెనక్కి రాదు. మంచి నవలలోనే ఇట్లా జరిగితే మామూలు కథల సంగతి చెప్పేదేముంది.

మన దగ్గర వినడానికి ఒక పద్ధతి ఉండేది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరకు టేపురికార్డరుతో వెళ్లింది. పార్టీ చరిత్రల్లో లేనివి వాళ్లు చెప్పారు. అడవిలో కన్న బిడ్డను ఉద్యమం కోసం ఇతరులకు ఇచ్చేయవలసి వచ్చిన కమలమ్మ మాటలు చదివినవాళ్లెవరూ మర్చిపోలేరు. బిడ్డను వదులుకోవడాన్ని అక్కడ త్యాగం అని ఒక్క మాటలో మూసేయలేదు, ఎవరు చెప్పారు, ఎవరు నిర్ణయించారు అని అడిగారు. ఈ తరం తల్లుల్ని మనం ఆ ప్రశ్నలు అడగలేదు. స్త్రీవాద సాహిత్యం కూడా దీనికి పూర్తిగా బయట లేదు. 'నీలిమేఘాలు' (1993) కాలం నాటి కవిత్వంలోని తల్లి ఎక్కువగా నెలలు నిండిన యువతి, పాలిచ్చే తల్లి. యాభై అయిదేళ్ల తల్లి, బిడ్డ కడుపులోంచి కాక దేశంలోంచి వెళ్లిపోయిన తల్లి, మనకు వస్తువు కాలేదు. రాసినవాళ్లం అప్పుడు కూతుళ్లం గనుక అయి ఉండవచ్చు.

కూతురిగానే ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. అమ్మను నేను దేవతను చెయ్యలేను. భూమి అమ్మాలన్న మాట మొదట అన్నది నాయిన కాదు, ఆమే. నేను ఆ రోజుల్లో ఫెలోషిప్ డబ్బులు ఆగిపోయి, హాస్టలు ఖాళీ చేసి, స్నేహితురాలి గదిలో ఉంటూ సిద్ధాంత గ్రంథం ముగిస్తున్నాను. "అందులో నా పాలు లేదా అమ్మా?" అని అడిగాను, నవ్వుతూనే. "నువ్వు ఎట్లన్న బతుకుతవ్ బిడ్డా. వాడు బతకడు," అంది. ఇందులో నన్ను మెచ్చుకోవడం ఎంత ఉందో, నన్ను తీసెయ్యడం ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు. పసుపుకుంకుమల భూమి తల్లి నుంచి కూతురికి రావాలని మా వైపు ఆడవాళ్లు అనుకుంటారు, అదొక్కటే వాళ్లు తమలో తాము పాటించే వారసత్వం. దాన్ని పితృస్వామ్యం వచ్చి లాక్కుపోలేదు. ఒక ఆడమనిషి తెలిసే కొడుక్కిచ్చింది, ఇంకో ఆడమనిషి తెలిసే సాక్షి సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆడపిల్లలూ వెళ్తున్నారు. చౌటుప్పల్, దేవరకొండ, జడ్చర్ల నుంచి ఒంటరిగా విమానం ఎక్కుతున్న అమ్మాయిల్ని చూస్తే నాకు సంతోషమే. కానీ వాళ్ల ఇళ్లల్లో లెక్క ఇట్లా నడుస్తుంది: ఎం.ఎస్. ఖర్చు పెడితే కట్నం తగ్గుతుందా, లేక ఎం.ఎస్. చదివిన పిల్లకు ఎం.ఎస్. చదివిన వరుడు కావాలి గనుక రెండూ పడతాయా? కొడుకు చదువుకు భూమి అమ్మితే పెట్టుబడి, కూతురు చదువుకు అమ్మితే పెళ్లి ఖర్చులో కోత. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటింది. 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బి కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మా ఊళ్లో ఆ వార్తను నోరు మెదపకుండా విన్నవాళ్లు సంఘం మీటింగుకు వచ్చిన ఆడవాళ్లు. లక్ష డాలర్లంటే ఎంతని ఒకామె అడిగితే ఇంకొకామె ఫోనులో లెక్కగట్టి చూపింది. ఎవరూ పైకి చదవలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని అమ్మకు చెప్పాను. ఏం రాస్తున్నవని అడిగింది. భూమి గురించి, తమ్ముడి గురించి అన్నాను. తమ్ముడు చేసే పని సంగతి రాయొద్దంది. ఇప్పుడు వాడికి సరైన ఉద్యోగమే వచ్చింది, పాతది రాస్తే ఏం కాదని చాలాసేపు చెబితే ఒప్పుకుంది. ఆ చెల్క ఇప్పుడు ప్లాట్లయింది, హద్దురాళ్లకు తెల్లసున్నం వేశారు. బస్సులో పోయేటప్పుడు అమ్మ అటువైపు కిటికీ దగ్గర కూర్చోదు.

"నా పేరు రాసినవా?" అంది.

లేదన్నాను.

"పేరొద్దు. సర్వే నంబరన్న రాయి, నా పేరు మీద ఉండె అని." నంబరు గడగడ చెప్పింది. బై నంబరుతో సహా.